గుంటూరు జిన్నింగ్ మిల్లు స్థలం: సెల్లార్ తవ్వకముందు చేసిన మట్టి పరీక్ష

గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు ఎకరం పైచిలుకు స్థలం. ఒకప్పుడు జిన్నింగ్ మిల్లు. మిషన్లు ఎప్పుడో అమ్ముడుపోయాయి. మిగిలినవి రెండు సిమెంటు రేకుల షెడ్లు, వెనక మూల ఒక గోడౌను, ప్రహరీ, గేటు పక్కన వాచ్‌మన్ గది. కొనడానికి వచ్చినవాళ్లు విజయవాడ బిల్డర్లు ఇద్దరు, వాళ్లతోపాటు డబ్బు పెట్టే అమెరికా బావగారు. సెల్లార్, స్టిల్టు, పైన ఐదు అంతస్తులు వాళ్ల ప్లాను. వాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. స్థలాన్ని, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

కొనేముందు నేలలో పాత కాలుష్యం ఉందేమో వెతికి చెప్పడం మా పని. మమ్మల్ని పిలిపించింది ఆ బావగారే. అమెరికాలో ఆయన ఒక చిన్న షాపింగ్ కాంప్లెక్సు కొన్నప్పుడు ఫేజ్ వన్ రిపోర్టు (పాత కాలుష్యం ఉందేమో స్థలం చరిత్ర చూసి చెప్పే నివేదిక) లేకుండా బ్యాంకు అప్పు ఇవ్వలేదట. అక్కడ 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం కింద, విషం పోసింది పాత యజమాని అయినా, శుభ్రం చేసే ఖర్చు ఇప్పటి యజమాని మెడకు చుట్టుకోవచ్చు. కొనేముందే స్థలం చరిత్రను పద్ధతి ప్రకారం విచారించినవాళ్లకు అదే చట్టంలో కొంత రక్షణ ఉంది. అందుకే అక్కడ వాణిజ్య స్థలం చేతులు మారుతుందంటే సాధారణంగా ఆ రిపోర్టు ఉంటుంది.

"లాయరు ఒపీనియన్ వచ్చేసింది, ముప్పై ఏళ్ల ఈసీ క్లియర్‌గా ఉంది, లింకు డాక్యుమెంట్లు వరసగా ఉన్నాయి. ఇంకా మట్టిలో ఏం చూస్తారండీ?" అని పెద్ద భాగస్వామి అడిగారు. (ఈసీ అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా.) న్యాయమైన ప్రశ్నే. కట్టుబడి విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితేనే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. వీళ్లది దానికి చాలా దిగువన ఉంది. కాబట్టి ప్లాను పాసయ్యే రోజు నుంచి ఫ్లాటు తాళాలు చేతికిచ్చే రోజు దాకా, ఈ నేలలో ఏం పోశారని అడిగే మనిషి ఏ కౌంటరు దగ్గరా ఎదురుపడడు. మట్టి పరీక్ష అంటే మన బిల్డర్లకు తెలిసింది ఒకటే: నేల ఎంత బరువు మోస్తుందో చెప్పే రిపోర్టు. ఈ నేల ఏం మింగి కూర్చుందో చెప్పే పరీక్ష వేరే ఉందని, అది బయానా ఇవ్వకముందే జరగాలని నేను పదేపదే చెప్పేది అందుకే.

ఈసీలో ఎవరూ పట్టించుకోని రెండు లైన్లు

పని కాగితాలతోనే మొదలుపెట్టాం. ఈసీలో లాయరుగారు వెతికేది తాకట్లు, అటాచ్‌మెంట్లు, పంపకాలు. నేను వెతికేది లీజులు. ఏడాది మించిన లీజు రిజిస్టరు కావాలి గనక ఈసీలోకి ఎక్కుతుంది. ఈ స్థలం మీద 1990లలో రెండు లీజు డీడ్లు ఉన్నాయి. ఒపీనియన్‌లో వాటి ఎదురుగా ‘గడువు ముగిసినది’ అని రాసి ఉంది. టైటిలు వరకు అది సరైన మాట. డీడ్ల నకళ్లు తీయించి చదివితే, వెనక మూల గోడౌను అద్దెకు తీసుకున్నది పురుగుమందుల హోల్‌సేల్ వ్యాపారి అని తేలింది. షెడ్యూలులో గోడౌను హద్దులు చెబుతూ, పడమర ‘వాడుకలో లేని బావి’ అని ఉంది. మేం స్థలం చూసినప్పుడు అక్కడ బావి ఆనవాలే లేదు. తుమ్మచెట్లు, విరిగిన ఇటుకలు, చదునైన నేల.

1990లలో గుంటూరు పురుగుమందుల గోడౌనులో ఏముండేదో ఊహించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. పత్తి మీద శనగపచ్చ పురుగుకీ తెల్లదోమకీ రైతులు చేతికందిన మందల్లా కొట్టిన రోజులవి. ఎండోసల్ఫాన్, మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్. పొడి మందుల్లో బెంజీన్ హెక్సాక్లోరైడ్, అంటే బీహెచ్‌సీ. టెక్నికల్ బీహెచ్‌సీని (అంటే శుద్ధి చేయని ముడి సరుకును) మన దేశంలో 1997 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపేసింది. నిషేధం వచ్చిన మర్నాడు గోడౌన్లలో ఉన్న సరుకు ఏమైందన్నదే నాకు ఎప్పుడూ మొదట తట్టే ప్రశ్న. వెనక్కి తీసుకునే కంపెనీ లేదు, కొనే రైతు లేడు, పారేయడానికి చెప్పిన చోటు లేదు.

సమాధానం వాచ్‌మన్ పెద్దాయన దగ్గర దొరికింది. మిల్లు నడిచే రోజుల నుంచీ ఉన్న మనిషి. "ఆ మూల గోడౌన్లో మందులు పెట్టేవోళ్లు బాబూ. డబ్బాలు పగిలితే నీళ్లు కొట్టి కడిగేవోళ్లం, ఆ నీళ్లన్నీ కాలవ ఎంబడి బావిలోకే పొయ్యేయి. ఉండకట్టిన పొడి బస్తాలు కూడా అందులోనే ఏసి, పైన రాళ్లూ రప్పలూ పోసి పూడ్చేశారు" అన్నాడు. దాచాలన్న ఆలోచన ఆయనకు లేదు. అప్పట్లో అది తప్పని ఆయనకు చెప్పినవాళ్లూ లేరు. స్థలం చూడటానికి వచ్చిన బ్రోకర్లు, ఇంజినీర్లు, లాయర్లలో ఒక్కరూ ఆయన్ను ఈ మాట అడగలేదట.

నాపరాళ్ల కింద

గోడౌనులో పరిచింది నాపరాయి. సిమెంటు గచ్చయితే పగుళ్ల దగ్గరే అనుమానించాలి. నాపరాయికైతే ప్రతి అతుకూ ఒక దారే. గోడ పక్కన, డబ్బాలు వరసగా పెట్టిన చోట, అతుకుల వెంట తెల్లటి పెచ్చు కట్టి ఉంది. ఒక రాయిని గడ్డపారతో లేపించాం. కింద మట్టి మామూలు నల్లరేగడే, రంగులో తేడా ఏమీ లేదు. వాసన మాత్రం గుప్పుమంది, ఏళ్ల తరబడి తీయని బీరువాలోంచి వచ్చే ముక్కవాసన లాంటిది, దాని వెనక ఒక మందు ఘాటు. వాసన పరీక్ష కాదు, కావాలని పీల్చకూడదు కూడా. వెంటనే బయటికి వచ్చి, తర్వాత పనంతా కార్బన్ ఫిల్టరు మాస్కులతోనే చేశాం.

నల్లరేగడిలో నమూనాలు తీయడం ఎర్రమట్టిలో తీసినంత సులువు కాదు. బీహెచ్‌సీ నీళ్లలో అంతగా కరగదు, జిగటమట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ లెక్కన పై అడుగులోనే ఆగాలి. కానీ ఎండాకాలం ఈ నేల నెర్రెలిస్తుంది. తొలకరి వాన ఆ నెర్రెల్లోంచి పైమట్టిని లోతుకు కడుక్కుపోతుంది. అందుకని గళ్లు గీసిన చోట్లతోపాటు నెర్రెల లోపలి నుంచీ మట్టి తీశాం. అన్నీ కలిపి ఒకే నమూనాగా పంపితే ఖర్చు తగ్గేది, ల్యాబు రిపోర్టు కూడా అందంగానే వచ్చేది. కాకపోతే విషం ఉన్న మూలను లేని మూలలతో కలిపి సగటు తీసినట్టయ్యేది. చోటుకొకటి, లోతుకొకటి విడివిడిగా గాజు సీసాల్లో, ఐస్ పెట్టెలో, ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపాం. ప్రహరీ బయట దూరంగా రెండు చోట్ల కూడా మట్టి తీశాం. గుంటూరు చుట్టుపక్కల ఏ పత్తిచేలో తవ్వినా పాత మందుల జాడ కాస్తో కూస్తో ఉండొచ్చు. ఆ జాడ ఎంతో తెలియకపోతే గోడౌను వల్ల వచ్చింది ఎంతో చెప్పలేం.

బావి ఉన్న చోట ఆగర్ (నేలలోకి తిప్పి మట్టి తీసే బర్మా) రెండు అడుగుల దగ్గర రాళ్లకు తగిలి ఆగిపోయింది. నాలుగు వైపులా జరిపి చూసుకుంటూ పోతే ఒర అంచు దొరికింది. వ్యాసం మూడు మీటర్లు. పెద్దాయన చెప్పిన లోతు ఐదు మట్లు, అంటే సుమారు తొమ్మిది మీటర్లు. తర్వాత మిషనుతో రాళ్ల మధ్యలోంచి దించితే, నాలుగో మీటరు దగ్గర బూడిదరంగు పొడి ఉండలు పైకి వచ్చాయి.

ల్యాబు రిపోర్టులో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది మొత్తం అంకె కాదు, దాని లోపలి వాటాలు. బీహెచ్‌సీలో ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని ఒకే అణువుకు వేర్వేరు అమరికలు ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టెక్నికల్ సరుకులో సగానికి పైగా ఆల్ఫాయే. పురుగును చంపే గామా పది, పదిహేను శాతం. మట్టిలో కలిశాక ఏళ్లు గడిచేకొద్దీ ఆల్ఫా, గామా తగ్గుతూ పోతాయి, బీటా మొండిగా మిగిలిపోతుంది. గోడౌను కింది మట్టిలో బీటాదే పెద్ద వాటా: ఒలికి, ఇంకి, దశాబ్దాలు నానినది. బావిలో ఉండల్లో ఆల్ఫాదే పెద్ద వాటా: అంటే మందు మట్టిలో కలవనే లేదు, బస్తాల్లో ఉన్న సరుకు ఉన్నట్టే లోపల ఉంది. మొదటిది మరక, రెండోది నిల్వ. రెండింటికీ చేయాల్సిన పని వేరు.

ఎండోసల్ఫాన్ దాని సల్ఫేటు రూపంలో కొద్దిగా కనిపించింది. మోనోక్రోటోఫాస్ అసలు దొరకలేదు. డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉన్న ఆ మందు మనిషిని వెంటనే చంపగలదు, కానీ నీళ్లలో కలిసి, మట్టిలో త్వరగా విరిగిపోతుంది. ‘అప్పటి గట్టి మందులన్నీ ఈపాటికి పోయుంటాయి’ అని చాలామంది ధీమాగా చెప్పేది అలాంటివాటిని చూసే. అప్పట్లో రైతు చేత్తో చల్లిన పొడి మందే ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఇక్కడ కూర్చుంది.

నీళ్ల సంగతి. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణంలో ఆల్ఫాకు లీటరుకు 0.01 మైక్రోగ్రాము, బీటాకు 0.04 మైక్రోగ్రాము హద్దు. మిల్లు ఆవరణలో ముందువైపు లోతు బోరు, పక్కింటివాళ్ల అనుమతితో చూసిన వాళ్ల బోరు, రెండూ హద్దు లోపలే. పూడ్చిన బావిలో ఊరిన నీళ్లు హద్దును ఎన్నో రెట్లు దాటాయి. పక్కింటివాళ్లకు వాళ్ల రిపోర్టు కాపీ ఇచ్చాం. అది వాళ్లు తాగే నీరు.

మిగతావి త్వరగా తేలిపోయాయి. పాత ట్రాన్స్‌ఫార్మరు నూనెలో పీసీబీలు (అలాంటి నూనెల్లో ఒకప్పుడు వాడిన విష రసాయనాలు) కిలోకు 50 మిల్లీగ్రాముల లోపే. జనరేటరు డీజిలు ట్యాంకు నేల మీదే ఉంది, కింద కొద్దిగా మరక. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంది. సుత్తితో పగలగొట్టకుండా, నీళ్లు చల్లి, బోల్టులు విప్పి, కవర్లో చుట్టి దించమన్నాం. పాత రేకుల్ని గొడ్ల చావిళ్లకు కొనుక్కుపోయేవాళ్లు గేటు దగ్గర కాచుకుని ఉంటారు. వాళ్లకు అమ్మొద్దని అగ్రిమెంటులోనే రాయించాం.

సెల్లార్ మట్టి ఎక్కడికి పోతుంది

నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇది. ప్లానులో సెల్లార్ సుమారు రెండు వేల చదరపు మీటర్లు, మూడు మీటర్ల లోతు. ఆరు వేల ఘనపు మీటర్ల మట్టి. తవ్వితే పొంగుతుంది కాబట్టి ఐదారు వందల టిప్పర్లు. ఆ మట్టి ఎక్కడికి పోతుందో గుంటూరు, విజయవాడల్లో ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకూ తెలుసు: మెరక తోలించుకునే చోటికి. నల్లమట్టి మెరకకు అంత మంచిది కాదని తెలిసినా, తక్కువకి వస్తుందంటే పల్లపు ప్లాట్లకీ, పొలం దారులకీ, బడి ఆవరణకీ పోయించుకుంటారు. టిప్పరు డ్రైవరుకు తెలియదు, పోయించుకున్నవాళ్లకు తెలియదు. సెల్లార్ అడుగున పునాది గుంతలు తవ్వేటప్పుడు బావిలో ఉండలు బకెట్టులో పడి, చిదిగి, ఏ టిప్పరులో ఎక్కాయో ఎవరూ చెప్పలేరు. ఒక మూలలో ఉన్న మందు ఒక్క వారంలో నాలుగు కాలనీల్లో పరుచుకుంటుంది. అక్కడ పిల్లలు ఆ మట్టిలోనే ఆడతారు, ఎవరో ఆ మెరక మీద ఆకుకూర మడి వేసుకుంటారు.

డబ్బు లెక్కలోనూ ఇదే కీలకం. తవ్వకముందు లెక్క: బావిలో అరవై నాలుగు ఘనపు మీటర్లు, గోడౌను కింద మీటరు లోతున తొంభై ఆరు. మొత్తం నూట అరవై. తవ్వి కలిపేశాక ఎవరికైనా అనుమానం వచ్చి ఆపితే అనుమానించాల్సింది ఆరు వేలు. భాగస్వాములకు పది పేజీల రిపోర్టు కంటే ఈ రెండు అంకెలే ఎక్కువ పనికొచ్చాయి.

బేరం

"ఎవరికో గోడౌను అద్దెకిచ్చాం, మందులు పోసింది మేం కాదు గదా" అన్నారు అమ్మేవాళ్లు. పోసిన హోల్‌సేల్ వ్యాపారం ఎప్పుడో మూతపడింది. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లో 55వ సెక్షను ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే దాన్ని చెప్పి తీరాలి. మా రిపోర్టు కాపీ వాళ్ల చేతిలో పడ్డాక వాళ్లకు తెలిసినట్టే. ఈ బేరం పోయినా రాబోయే కొనుగోలుదారుకూ చెప్పాల్సిందే. ఇది బెదిరింపుగా కాక, మా లాయరుగారు కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ఆ తర్వాతే అసలు మాటలు మొదలయ్యాయి.

సెంటుకు ఇంత అని ధర తగ్గించుకుని వెంటనే రిజిస్టరు చేసుకుందామని ఒక భాగస్వామి తొందరపడ్డారు. నేను గట్టిగా వద్దన్నాను. పూడ్చిన బావి విషయంలో ఆగర్ చెప్పేది కొంతే. అడుగున ఏముందో తవ్వితేనే తెలుస్తుంది. తగ్గింపు తీసుకుని రిజిస్టరు చేసుకున్నవాడు, ఆ తగ్గింపు చాలకపోతే మిగతాది సొంతంగా పెట్టుకోవాలి. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు వచ్చినా ముందుగా తలుపు తట్టేది స్థలం ఎవరి చేతిలో ఉంటే వాళ్లనే. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చాక, అనుమానం ఉన్న స్థలాల్ని గుర్తించడం, పరీక్షించడం, బాధ్యుల నుంచి ఖర్చు రాబట్టడం ఒక పద్ధతిలోకి వచ్చాయి. ‘ఎవరు పట్టించుకుంటారులే’ అనే లెక్క ఇక చెల్లదు.

చివరికి కుదిరింది ఇలా: చిన్న బయానా, శుభ్రం చేసే ఖర్చు అమ్మేవాళ్ల సొమ్ములోంచి ఉమ్మడి ఖాతాలో, అంచనా దాటితే ఎక్కువ భాగం అమ్మేవాళ్లది, కొంత కొనేవాళ్లది, గుంత గోడల నుంచీ అడుగు నుంచీ తీసిన ఆఖరి నమూనాలు సరిగ్గా వచ్చాకే రిజిస్ట్రేషను.

తవ్వకం

కాలుష్య నియంత్రణ మండలి గుంటూరు ప్రాంతీయ కార్యాలయానికి రిపోర్టు ఇచ్చి, వాళ్ల అనుమతితో, మృగశిర కార్తె వానలకు ముందే పని ముగించేలా పెట్టుకున్నాం. తట్టలతో మోయించడం వద్దని కాంట్రాక్టరుకు ముందే చెప్పాం. తల మీద మోస్తే పొడి మొహం మీదే రాలుతుంది. మిషనుతోనే తవ్వకం, టార్పాలిన్ మీదే కుప్ప, సాయంత్రానికల్లా మూత. అన్నం, బీడీ, గుట్కా అన్నీ కంచె బయటే, అదీ చేతులు కాళ్లు సబ్బుతో కడుక్కున్నాకే. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లొద్దని రోజూ చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లు అవే బట్టలు చేత్తో ఉతుకుతారు. అక్కడే రెండు జతలు ఉంచి, ఉతికే ఏర్పాటు సైటులోనే చేయించాం.

బావికి సిమెంటు ఒరలు దించుకుంటూ లోపలికి వెళ్లాం. ఆరో మీటరు దగ్గర నీళ్లు తగిలాయి. తోడిన నీళ్లను మునిసిపల్ డ్రెయిన్‌లోకి వదలకుండా ట్యాంకుల్లో పట్టి, కార్బన్ ఫిల్టర్లలోంచి పంపి, పరీక్షించాకే వదిలాం. ఉండలు, కుళ్లిన గోనెలు, మందు సీసాలు వేరుగా డ్రమ్ముల్లో, మట్టి వేరుగా. రెండూ విశాఖ దగ్గర పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి, 2016 నియమాల ప్రకారం ఫారం 10 మ్యానిఫెస్టుతో (సరుకు వెంట వెళ్లే రవాణా పత్రంతో) వెళ్లాయి. ప్రతి లారీకీ అక్కడి నుంచి తిరిగొచ్చిన కాపీని బయల్దేరిన కాపీతో సరిచూశాకే డబ్బు చెల్లింపు.

గోడౌను నుంచి బావికి వెళ్లిన కాలవ వెంట ఒక గోడ నమూనా పాసవలేదు. మరో అర మీటరు తవ్వాల్సి వచ్చింది, రెండోసారి సరిపోయింది. గుంతలు పూడ్చడానికి చేబ్రోలు వైపు నుంచి తెచ్చిన ఎర్ర గ్రావెల్‌ను కూడా పోసేముందు పరీక్ష చేయించాం. ఖర్చు అంచనా దాటింది, ఒప్పందం ప్రకారమే పంచుకున్నారు.

కట్టడం ప్లానులో మూడు మార్పులు చేయించాం. సెల్లార్ గోడ బావి మూల నుంచి వెనక్కి జరిగింది. ఆ మూలలో ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు వచ్చాయి. ఇంకుడు గుంతను మొదట అక్కడే గీశారు, దాన్ని ముందువైపుకి మార్పించాం. ఎంత తీసినా నెర్రెల లోతుల్లో కొంత జాడ మిగలొచ్చు. వాన నీళ్లను ఏటా అక్కడే దింపితే ఆ జాడను మనమే బోరు దాకా తోసినట్టవుతుంది.

ముందు బోరు నీళ్లను వానాకాలం ముగిశాక ఒకసారి, ఎండాకాలం నడిమిలో ఒకసారి పరీక్షించే ఏర్పాటు ఉంది. మొదటి రెండు రిపోర్టులూ హద్దు లోపలే వచ్చాయి. ఫ్లాటు కొనేవాళ్లు అడిగితే చూపించడానికి సేల్స్ ఆఫీసులోనే ఒక ఫైలు పెట్టించాం: పాత లీజుల నకళ్లు, బావి ఉన్న చోటు చూపే ప్లాను, ల్యాబు రిపోర్టులు, మ్యానిఫెస్టులు. ఓనర్ల అసోసియేషన్ ఏర్పడిన రోజున ఆ ఫైలు, బోరు పరీక్ష బాధ్యత రెండూ వాళ్లకు అప్పగించాలని భాగస్వాముల ఒప్పందంలో ఒక క్లాజు చేర్చారు. దాన్ని అడిగి రాయించింది మొదట్లో ‘మట్టిలో ఏం చూస్తారండీ’ అన్న పెద్ద భాగస్వామే.